భోషాణం వెనక నాలుగు వేళ్ళ ఎడం

"కిందటి చలికాలం బాగానే పనిచేసింది కదా సాబ్. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?" అని హీటరు మెకానిక్ నన్ను హిందీలో అడిగాడు.

"ఏమీ మారలేదు" అన్నాను.

అబద్ధమాడాలని ఆడలేదు. నిజమనే నమ్మి చెప్పాను. మా ఇంట్లో ఎవరు ఏది అడిగినా చెప్పే జవాబు అదే. పొలాలు పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు అడిగితే మా తాతగారు ఏమీ మారలేదన్నారు. మేడ పైభాగం కూలినప్పుడు మా నాన్నగారూ అదే మాట అన్నారు. ఇప్పుడు ఆ స్థలంలో కల్యాణ మండపం ఉంది. ఎవరైనా అడిగితే నేను కూడా అలాగే అంటానేమో. కానీ ఈ జనవరిలో హీటరు విషయంలో ఆ మాట అనకుండా ఉండవలసింది.

గురుగ్రామ్ దాటి సోహ్నా వైపు వెళ్ళే దారిలో, ఆవాల చేను పక్కన, ఒక పరిచయస్థుడి తోటలో నేను ఉంటున్నాను. ఇల్లంటే నాలుగు గోడలు కావు, నాలుగు చక్రాలు. కారుకు తగిలించి లాక్కుపోయే ఇల్లు. ఢిల్లీలో ఉద్యోగం ముగించుకుని స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక విదేశీయుడి దగ్గర కొన్నాను. లోపల వంటకు చిన్న అరుగు, స్నానానికి ఒక మూల, వెనక వైపు ఒక పరుపు, గ్యాసుతో నడిచే హీటరు అన్నీ ఉన్నాయి. లాగడానికి నా దగ్గర కారు లేదు. వచ్చిన రోజు ఎక్కడ ఆగిందో ఇప్పటికీ అక్కడే ఉంది. టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది.

దాన్ని అందరూ ట్రైలర్ అంటారు. మా వైపు ట్రైలర్ అంటే ట్రాక్టరు వెనక ఇసుక తోలే తొట్టి. అందుకని నేను విడిది అంటాను. మా పూర్వీకులు పన్నుల వసూలుకు బయలుదేరితే ఊరూరా విడిది ఏర్పాటయ్యేది. ఆ మాట వాడితే కొంత నిటారుగా నిలబడగలుగుతాను. ఆదివారాలు మెట్రోలో ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్ళి, సివిల్స్‌కు చదివే మన పిల్లలకు చరిత్ర చెబుతాను. జమీందారీ రద్దు పాఠం కూడా నేనే చెప్పాలి. గొంతు మారకుండా చెప్పడం నేర్చుకున్నాను.

మా ఇంటి నుంచి నాకు దక్కిన వస్తువు ఒక్కటే, భోషాణం. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నల్లబడిన టేకు, మూలలకు ఇత్తడి పువ్వులు. పాత ఇళ్ళలో ఇంటిపెద్ద భోషాణం మీదే పడుకునేవాడు. లోపల దస్తావేజులు, వెండి, పట్టుబట్టలు, పైన పరుపు. వాటికి కాపలా ఆ నిద్రే. తాతగారు దానిమీద పడుకున్నారు, తర్వాత నాన్నగారు, తర్వాత నేను. ఇప్పుడు లోపల ఓడిపోయిన వ్యాజ్యాల కాగితాలు, కొన్ని ఫొటోలు తప్ప ఏమీ లేవు. విడిది గుమ్మం ఇరుకు కావడంతో దాని కాళ్ళు కోయించి లోపలికి ఎక్కించాను. కోస్తున్నంతసేపూ వడ్రంగికి వీపు తిప్పి నిలబడ్డాను.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. తనకు ఇరవయ్యొకటో ఏట ఇంట్లోంచి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయింది అనడం మర్యాద కోసం. నర్సింగ్ చదువుతానంది, ఒకరి మలమూత్రాలు ఎత్తే ఖర్మ మన ఇంట్లో ఆడపిల్లకు పట్టలేదన్నారు. అయినా చదివింది. బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక క్రైస్తవ కుటుంబంలోని అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంది. అతను వాళ్ళ ఆసుపత్రిలోనే రక్తపరీక్షలు చేసేవాడు. చెప్పిన సాయంత్రమే ఆమెను వీధిలోకి పంపారు. తాతగారు భోషాణం మీద కూర్చుని చెయ్యెత్తారు. మాట కూడా అనలేదు. ఎత్తిన అరచెయ్యి చూపించారు, అంతే. అక్క మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నాకు పద్దెనిమిదేళ్ళు. తలుపు వెయ్యమని నాన్నగారు అన్నారు. వేశాను. గడియ పెట్టింది కూడా నేనే.

తర్వాత ఇద్దరం ఢిల్లీలోనే చాలా ఏళ్ళు బతికాం. ఆమె ఆసుపత్రి క్వార్టర్సులో, నేను అద్దె ఇళ్ళలో. నేను పెళ్ళి చేసుకోలేదు. మా స్థాయికి తగ్గ సంబంధం రాలేదని చెప్పేవాణ్ణి. ఒకసారి నా చెయ్యి విరిగితే తనే కట్టు కట్టించింది. బావగారు పోయినప్పుడు చర్చి వరకూ వెళ్ళి గేటు దగ్గర నిలబడి వచ్చాను. పండక్కి ఫోను చేసుకునేవాళ్ళం. కానీ నా కప్పు కింద ఆమె ఒక్క పూటైనా పడుకోలేదు. నేను పిలవలేదు. పిలవనిదే వచ్చే మనిషి కాదు ఆమె. ఆ విషయంలో ఆమె కూడా మా ఇంటి మనిషే.

ఈ డిసెంబరులో ఫోను చేసి, డాక్టరు ఢిల్లీ వదిలెయ్యమన్నాడని చెప్పింది. ఊపిరితిత్తులు ఇక్కడి పొగమంచును తట్టుకోవడం లేదట. జనవరి నెలాఖరుకు విశాఖపట్నంలో కూతురి దగ్గరికి మారిపోతోంది. అది విన్నాక, అరవై అయిదేళ్ళ వయసులో, మొదటిసారి అన్నాను.

"వెళ్ళే ముందు ఒక రోజు నా దగ్గర ఉండక్కా. రాత్రికి ఇక్కడే పడుకో."

"చలి నాకు పడదురా. ఊపిరి ఆగిపోతుంది. వెచ్చగా ఉంటుందంటే వస్తాను" అంది.

"వెచ్చగా ఉంటుంది" అన్నాను. మాట ఇచ్చాను.

ఆమె భోషాణం మీద పడుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. అది అంతవరకూ గుమ్మం పక్కన ఉండేది, కిందటి చలికాలమంతా దానిమీదే పడుకున్నాను. అయితే చెప్పులు విడిచే చోట ఇంటిపెద్ద పక్క ఉండడం నాకు నచ్చలేదు. తలుపు సందుల్లోంచి చలి కూడా. అందుకని హీటరు ఉన్న బీరువా వైపు జరపాలనుకున్నాను. ఆ బీరువా కింది భాగంలో వెడల్పాటి జాలీ రేకు ఒకటి ఉంది. వేడిగాలి దానిలోంచి రాదని, నేల పొడుగునా ఉన్న వేరే రెండు రంధ్రాల్లోంచి వస్తుందని చెయ్యి పెట్టి చూసుకున్నాను. జాలీ అలంకారానికి అనుకున్నాను. దానికి అడ్డంగా పెడితే నష్టం లేదనుకున్నాను. భోషాణం కింద తడి గోనెసంచి వేసి, సగం పొద్దు తోసి, బీరువాకు ఆనించాను. నడుము పట్టేసింది. కానీ చూడ్డానికి హుందాగా ఉంది. కొత్త పరుపు, కడిగిన దుప్పటి, దిండుకు తెల్ల గలీబు వేశాను.

అక్క వచ్చే ముందు రోజు మధ్యాహ్నం హీటరు వేశాను. ఆ యంత్రానికి ఒక పద్ధతి ఉంది. గోడమీద మీట తిప్పగానే ముందు ఫ్యాను తిరుగుతుంది. పావు నిమిషానికి లోపల టిక్ టిక్ మని నిప్పురవ్వ. వెంటనే భుగ్గున మంట. ఆ రోజు కూడా మంట వచ్చింది. మూడు నిమిషాలు వేడిగాలి కొట్టింది. తర్వాత మంట ఆరిపోయింది. ఫ్యాను మాత్రం ఆగకుండా చల్లటి గాలి విసిరింది. కొంతసేపటికి మళ్ళీ అంటుకుంది. మళ్ళీ ఆరిపోయింది.

నాకు తెలిసినంతవరకు చూశాను. గ్యాసు సిలిండరు మార్చాను. బ్యాటరీ తీగలు తీసి, తుడిచి, బిగించాను. యంత్రంతోపాటు వచ్చిన పుస్తకం కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మంట వెలిగించే బోర్డు పోయి ఉంటుందని తేల్చుకున్నాను. మా ఇంట్లో ఎవరూ స్క్రూడ్రైవరు పట్టినవాళ్ళు కారు. పట్టగానే నాకు అంతా తెలిసినట్టనిపించింది.

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. గురుగ్రామ్‌లో కార్లకు ఏసీలు బాగుచేస్తూ, ఇలాంటి బళ్ళ పని కూడా నేర్చుకున్నాడు. బయటి వైపు మూత తీసి చూశాడు. పొగ బయటికి పోయే గొట్టంలో కందిరీగల మట్టిగూడు ఒకటి దొరికింది. అరచేతిలో పెట్టి చూపించాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. మళ్ళీ వేశాం. మూడు నిమిషాలు వెచ్చగా వచ్చి ఆరిపోయింది.

అప్పుడే ఆ ప్రశ్న అడిగాడు, ఏం మారిందని. ఏమీ మారలేదన్నాను.

"అందర్ దేఖ్‌నా పడేగా సాబ్. లోపల చూడాలి."

"లోపల అంతా సరిగ్గానే ఉంది."

"ఒక్క రెండు నిమిషాలు. చెప్పులు తీసేస్తాను."

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. లోపల తాడు మీద నా లోబట్టలు ఆరుతున్నాయి. పొయ్యి పక్కన ఒక్క గిన్నె, ఒక్క కంచం. మా ఇంటి హాల్లోకి రావాలంటే ఒకప్పుడు కలెక్టరు కూడా వాకిట్లో ఆగి కబురు పంపేవాడు. ఇప్పుడు ఉన్నదంతా ఆ ఒక్క గది. దాన్ని పరాయివాడు ఒక్క చూపులో చూసేస్తాడు. అది నాకు ఇష్టం లేకపోయింది.

"అవసరం లేదు. బోర్డు తెప్పించు, మారుద్దాం" అన్నాను.

"బోర్డు కాదనిపిస్తోంది సాబ్."

"నేను చెబుతున్నాను కదా."

అతను నా ముఖం చూసి, "ఠీక్ హై" అని పనిముట్లు సర్దుకున్నాడు. బోర్డు రావడానికి వారం పడుతుందన్నాడు. అక్క మర్నాడే వస్తోందని నేను చెప్పలేదు. చెబితే బతిమాలినట్టుంటుంది.

అక్క పదకొండు గంటలకు వచ్చింది. మెట్రో దిగి టాక్సీలో. పొగమంచు ఇంకా విడలేదు. చీర మీద స్వెట్టరు, దానిమీద ముదురు ఎరుపు ఊలు శాలువా, తలకు మఫ్లరు, కాళ్ళకు బూట్లు. ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో వేడినీళ్ళ సంచీ. విడిది చుట్టూ ఒకసారి నడిచి చూసింది.

"ఇదేనా చినదొరగారి కోట?"

"విడిది" అన్నాను.

"విడిదికి చక్రాలేంట్రా? తాతగారు చూస్తే ఎద్దుల్ని కట్టమనేవారు."

నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేవరకు మెట్టు దగ్గరే నిలబడి, మందు పీల్చి, అప్పుడు లోపలికి వచ్చింది. వచ్చి భోషాణాన్ని చూసి ఆగిపోయింది. చేతి తొడుగు తీసి మూలనున్న ఇత్తడి పువ్వు మీద వేలు పెట్టింది.

"దీన్ని ఇక్కడిదాకా తెచ్చావా?"

"తెచ్చాను."

"నాకు ఆరేళ్ళప్పుడు దీనిమీద ఎక్కి కూర్చున్నాను, తెలుసా? తాతగారు దించలేదు. పనిమనిషిని పిలిచి దింపించారు. తర్వాత నా చేత్తోనే తుడిపించారు."

నాకు తెలియదు. తెలిసినా గుర్తుంచుకునేవాణ్ణి కాను.

"ఈ రాత్రికి నువ్వు దీనిమీదే పడుకోవాలి" అన్నాను.

"నా బరువు ఆపుతుందా?"

"మూడు తరాల బరువు ఆపింది."

"మీవి బక్క ప్రాణాలు. నేను క్యాంటీన్ తిండి తిన్న మనిషిని" అంటూ కూర్చుంది. నెమ్మదిగా, పరుపు చివర, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు.

ఆమె తెచ్చిన చేపల పులుసుతో, తను క్యారియరు గిన్నెలో, నేను కంచంలో అన్నం తిన్నాం. నేను మొదటి ముద్ద ఎత్తాక ఆమె కళ్ళు మూసుకుంది. "ప్రార్థన చేసుకుంటాను, ఒక్క నిమిషం" అంది. ముద్ద తిరిగి కంచంలో పెట్టాను. ఆ నిమిషం పాటు ఆమె పెదాలు కదలడం చూశాను. ఇన్నేళ్ళలో ఎదురెదురుగా కూర్చుని తిన్నది అదే మొదటిసారి.

మధ్యాహ్నం తిరిగాక చలి పెరిగింది. హీటరు వేశాను. ఫ్యాను తిరిగింది, మంట అంటుకుంది, వెచ్చగా గాలి వచ్చింది. అక్క చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మూడు నిమిషాలకు మంట ఆరింది. తొడుగులు మళ్ళీ వేసుకుంది. మళ్ళీ మంట వచ్చినప్పుడు తీసింది, ఆరినప్పుడు వేసుకుంది. నాలుగైదు సార్లు అలా జరిగింది. హీటరు గురించి నన్ను ఒక్క మాట అడగలేదు. నేను ఆవిడ తొడుగుల వంక చూడకుండా ఉండడానికి కిటికీలోంచి ఆవాల చేను చూస్తూ కూర్చున్నాను.

ఇంకొకటి కూడా చూశాను. ఆమె వెనక్కి వాలినప్పుడు శాలువా అంచు భోషాణానికీ బీరువాకూ మధ్యనున్న సన్నటి సందులోకి జారిపోతోంది. ఆమె లాక్కుంటోంది. మళ్ళీ పోతోంది. రెండోసారి లాక్కుని, వెనక్కి వంగి ఆ సందులోకి చూసింది. నర్సులకు శుభ్రం ఎక్కువ కదా అనుకున్నాను.

"ఒరే, ఈ పెట్టె వెనక..." అంది.

నేను చెయ్యెత్తాను.

"అక్కా, ఆ పెట్టె సంగతి ఎత్తకు. ఆనాటిది ఆనాటితో పోయింది. ఇప్పుడది నీ చోటు. నీకు హక్కుంది. ఏమీ మాట్లాడకుండా కూర్చో."

ఎన్నాళ్ళుగానో చెప్పాలనుకున్న మాటలు అవి. గొంతు స్థిరంగా పలికింది. నాలో నాకు కొంచెం గొప్పగా కూడా అనిపించింది. అక్క నా అరచేతిని చూసింది. తర్వాత నా ముఖం చూసింది. నోటిదాకా వచ్చిన మాటను లోపలికి తీసుకుంది.

"అచ్ఛా" అంది. శాలువా అంచును నడుము దగ్గర దోపుకుంది.

నాలుగున్నరకల్లా దగ్గు ఎక్కువైంది. వేడినీళ్ళ సంచీ నింపి ఇచ్చాను. రెండు దుప్పట్లు కప్పాను. ఆమె పెదాలు నీలం తిరగడం నేను కనిపెట్టలేదు గాని, తనే చేతి అద్దంలో చూసుకుంది.

"పక్కన తోటవాళ్ళ ఇల్లుంది కదా. కరెంటు హీటరు ఒకటి అడిగి తీసుకురారా, ఒక్క రాత్రికి."

"అడగడం మన ఇంట్లో లేదక్కా."

"మన ఇల్లేదిరా ఇప్పుడు?" అని వెంటనే నాలిక కరుచుకుంది. మెల్లగా అంది: "నన్ను పేషెంటు అనుకో. అవసరమైతే పక్క వార్డులోంచి అడిగి తెచ్చుకుంటాం. మేం ఎన్నిసార్లు తెచ్చుకోలేదూ? అందులో నామర్దా ఏముంది?"

"ఇది వార్డు కాదు."

"కాదు. వార్డయితే వెచ్చగా ఉండేది."

ఇద్దరం నవ్వాం. నవ్వాక నేను లేచి తోటవాళ్ళ ఇంటికి వెళ్ళివుండవలసింది. వంద అడుగులు కూడా లేదు. ఆ ఇంటి కిటికీలో దీపం నేను కూర్చున్న చోటికే కనిపిస్తోంది. ఆ ఇంటాయనకు నేను రాజావారి మనవణ్ణని చెప్పుకుని ఉన్నాను. రాజావారి మనవడు సాయంత్రం పూట హీటరు అడుక్కోవడానికి వెళ్ళడం ఎలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఆలోచన ముగిసేలోగా అక్క ఫోను తీసి టాక్సీ పిలిచింది.

"పోనీ నువ్వే నాతో రా. మా గదిలో హీటరుంది. ఇద్దరం కబుర్లు చెప్పుకుందాం."

"నిన్ను పిలిచింది నేను. నేను నీ ఇంటికి రావడమేంటి?"

"ఠీక్ హై బాబూ. ఠీక్ హై."

ఆరున్నరకు టాక్సీ వచ్చింది. డ్రైవరు పొగమంచులో దారి కనబడక గేటు దగ్గరే ఆపాడు. అక్క "ఏక్ మినట్ భయ్యా" అని ఫోనులో చెప్పి, తను కప్పుకున్న దుప్పట్లు మడిచి భోషాణం మీద పెట్టింది. ఆసుపత్రి మడత, నాలుగు మూలలూ సమంగా. దిండు గలీబు మీద చేత్తో ఒకసారి రాసి సాపు చేసింది. ఆమె తల దానికి ఆనలేదు.

చెయ్యి పట్టుకుని మెట్టు దింపాను. గేటు దాకా వస్తానంటే వద్దంది, చల్లగాలిలో ఇద్దరూ ఎందుకంది. ఆమె పది అడుగులు నడిచిందో లేదో, లోపలి వెచ్చదనం పోతుందని అలవాటుగా తలుపు మూసి గడియ పెట్టాను.

లోపల వెచ్చదనమేమీ లేదు. గడియ చప్పుడు ఆమెకు వినిపించే ఉంటుంది. వెంటనే తీశాను. పొగమంచులో ఎరుపు శాలువా అప్పటికే కనబడలేదు. కారు తలుపు పడిన చప్పుడు మాత్రం విన్నాను.

వారం తర్వాత మెకానిక్ బోర్డు తెచ్చాడు. ఆ రోజు అతన్ని లోపలికి రమ్మన్నాను. ఎందుకు రమ్మన్నానో చెప్పలేను. దాచిపెట్టవలసిన అవసరం ఇక ఎవరి కోసమూ లేదనిపించింది. అతను చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, నా తాడు మీద బట్టల వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా భోషాణాన్ని చూశాడు.

"ఈ పెట్టె ఎప్పటినుంచి ఇక్కడుంది సాబ్?"

"పది రోజులనుంచి."

"మరి ఏమీ మారలేదన్నారు?"

అతను హీటరు మీట తిప్పి, గొంతుక్కూర్చుని, సందులో చెయ్యి పెట్టి, నా చెయ్యి కూడా పెట్టమన్నాడు. చల్లటి గాలి నా వేళ్ళను లోపలికి లాగింది. హీటరు గదిలోని గాలిని ఆ జాలీలోంచే పీల్చుకుంటుందని, వేడి చేసి అవతలి రంధ్రాల్లోంచి పంపుతుందని చెప్పాడు. నేను దాని ముక్కు మూసేశాను. గాలి అందక లోపల వేడి హద్దు దాటుతోంది. కాలిపోకుండా ఉండడానికి అది తనంతట తనే మంట ఆర్పేసి, చల్లబడేదాకా ఫ్యాను తిప్పుకుంటోంది.

"యంత్రానికి ఏ రోగమూ లేదు సాబ్. ఆ రోజు లోపలికి రానిస్తే రెండు నిమిషాల పని."

ఇద్దరం కలిసి భోషాణాన్ని ముందుకు లాగాం. ఎంత ఎడం ఉండాలని అడిగితే, అతను తన చేతి నాలుగు వేళ్ళు చేర్చి బీరువాకూ పెట్టెకూ మధ్య పెట్టి చూపించాడు. అంతే. జాలీ గాడుల్లో ఏదో ఇరుక్కుని ఉంటే గోటితో తీసి నా చేతిలో పెట్టాడు. ఎర్ర ఊలు పోగులు.

మళ్ళీ హీటరు వేస్తే మంట ఆగకుండా వెలిగింది. పావుగంటలో గది వేడెక్కింది. అతను భోషాణం మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. తాతగారి తర్వాత, నాన్నగారి తర్వాత, నా తర్వాత, అక్క తర్వాత. టీ పెట్టి ఇచ్చాను. ఉన్న ఒక్క గ్లాసులో అతనికి ఇచ్చి, నేను గిన్నెలో తాగాను. "వెచ్చగా ఉంది సాబ్, చాలా బాగుంది" అని వెళ్ళిపోయాడు.

అప్పటికి అక్క విశాఖపట్నం వెళ్ళి నాలుగు రోజులైంది. ఫోను చేశాను. ఆరోగ్యం, కూతురు, సముద్రం గాలి, అన్నీ అయ్యాక చెప్పాను, భోషాణం అడ్డం పెట్టడం వల్ల అలా అయిందని. ఆ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"నీ పెట్టె నా శాలువా మింగుతుంటే నాకు తెలియదా? నలభై ఏళ్ళు పసిపిల్లల వార్డులో ఇంక్యుబేటర్లనే వేడి పెట్టెల మధ్య బతికాను. వాటి జాలీల మీద ఎవరైనా తువ్వాలు ఆరేస్తే చేతిమీద కొట్టేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబోయాను. నువ్వు చెయ్యెత్తావు. అచ్చం తాతగారి చెయ్యే. నాకు మళ్ళీ నోరు పెగల్లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఏదో అనాలి. క్షమించమనాలి. ఆ రోజు సాయంత్రానికే కాదు, ఆ పాత సాయంత్రానికి కూడా. ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదని అనుకుంటాను గాని, అంత వయసులో అది సాకు కూడా కాదు.

"వచ్చే చలికాలం రా అక్కా. ఇప్పుడు చాలా వెచ్చగా ఉంటుంది" అన్నాను.

"డాక్టరు ఢిల్లీ వద్దన్నాడు కదరా. ఇంక రాలేను." తర్వాత అంది: "నువ్వే రా ఇక్కడికి. ఇల్లు ఇరుకే. హాల్లో పక్క వేస్తాను."

"చూస్తాను."

"మన ఇంట్లో చూస్తాను అంటే రానని కదా" అని నవ్వింది. ఈసారి నవ్వు వెనక దగ్గు రాలేదు. ఆ గాలి ఆమెకు నిజంగానే పడినట్టుంది.

ఫోను పెట్టేశాక హీటరు నిదానంగా తిరుగుతూనే ఉంది. గది ఎంత వెచ్చగా ఉందంటే స్వెట్టరు తీసేయవలసి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూశాను. భోషాణం మీద దుప్పట్లు అక్క మడిచినట్టే ఉన్నాయి, దిండు గలీబు సాపుగా ఉంది. అక్కడ పెట్టలేకపోయాను. స్వెట్టరు చేత్తో పట్టుకునే, వంగి, వెనక ఎడం సరిగ్గా ఉందో లేదో నాలుగు వేళ్ళు పెట్టి చూశాను. ఉంది.